మాత్రకు ముందు మూత్ర పరీక్ష

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల మంత్రివర్యులకు బహిరంగ లేఖ



మూత్రం పోసేటప్పుడు మంట, గడియకోసారి వెళ్లాలనిపించడం, వెళితే నాలుగు చుక్కలకు మించి రాకపోవడం, పొత్తికడుపులో నొప్పి అనే లక్షణాలన్నింటినీ ‘ఒంటికి వేడి చేసింది’ అనే ఒక్క మాటలో ఇమిడ్చి, బార్లీ నీళ్లో, సబ్జా గింజల నీళ్లో, పలుచని మజ్జిగో తాగించడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటు. వైద్యశాస్త్రం దీనిని మూత్రనాళ ఇన్ఫెక్షన్ అంటుంది. మూత్రపిండాల నుంచి మూత్రద్వారం వరకు ఉన్న మార్గంలో ఏ భాగంలోనైనా సూక్ష్మజీవులు చేరి పెరిగి బాధ కలిగించడం దాని అర్థం. స్త్రీలలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే ఈ జబ్బు, మూత్రాశయానికే పరిమితమైనంతవరకు, కొద్దిరోజుల మాత్రలతో తగ్గిపోవలసినది. అలా తగ్గక, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు నాలుగు రకాల మందులు మింగి, చివరికి ఆసుపత్రిలో చేరి నరానికి ఎక్కించే మందుతో గాని అదుపులోకి రాని కేసులు ఇప్పుడు వైద్యులకు కొత్త కావు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా పెరగడమే ఇందుకు ప్రధాన కారణం. ఖరీదైన కొత్త మందుల కోసం ఎదురుచూడటం కంటే ముందుగా, ఏ రోగికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే మూత్ర కల్చర్ పరీక్షను ఏరియా ఆసుపత్రి స్థాయికి తీసుకురావలసిందిగా ఈ లేఖ రెండు ప్రభుత్వాలకూ విన్నవిస్తోంది.

ఈ విన్నపానికి కారణం తెలియాలంటే బ్యాక్టీరియా నడవడిని కొంత దగ్గరగా చూడాలి. మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులకు, లేదా అంతకు మించి, ఈ-కోలై అనే బ్యాక్టీరియా కారణమవుతుంది. శిశువైద్యుడు థియోడర్ ఎషరిష్ 1885లో తొలిసారి వర్ణించిన ఈ జీవి మనిషి పెద్దపేగులో పుట్టినప్పటి నుంచీ కాపురముండేదే, అక్కడున్నంతకాలం సాధారణంగా హాని చేయనిదే. అయితే స్త్రీలలో మూత్రద్వారం మలద్వారానికి దగ్గరగా ఉండటం వల్లా, పురుషులలో సుమారు 20 సెంటీమీటర్లుండే మూత్రమార్గం స్త్రీలలో 4 సెంటీమీటర్లకు మించకపోవడం వల్లా, పేగులోని బ్యాక్టీరియాకు మూత్రాశయం చేరడం సులువవుతుంది. చేరిన బ్యాక్టీరియాను మూత్రం ధారగా వచ్చి కడిగేయాలి కదా అన్న ప్రశ్నకు సమాధానం దాని ఒంటి మీది సన్నని పోగుల్లో ఉంది. ఆ పోగుల కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్ ఉంటుంది. మూత్రాశయం లోపలి పొర మీద ఉండే మానోజ్ అనే చక్కెర అణువును అది కొక్కెంలా పట్టుకుంటుంది, పైగా ప్రవాహం లాగేకొద్దీ ఆ పట్టు సడలడానికి బదులు బిగుసుకుంటుంది. పొలం గట్టున నడిచిన మనిషి పంచె అంచుకు ఉత్తరేణి గింజ పట్టుకున్నట్టుగా ఉండే ఈ పట్టు దొరికాక, అనుకూలమైన స్థితిలో బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. అది పైకి పాకి మూత్రపిండాలను చేరితే చలిజ్వరం, పక్కటెముకల కింద నడుము నొప్పి, వాంతులు మొదలవుతాయి. రక్తంలోకి దిగితే ప్రాణానికే ముప్పు. గర్భిణులకు, మధుమేహం ఉన్నవారికి, మూత్రం కోసం గొట్టం పెట్టిన రోగులకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

ఔషధ నిరోధకత అంటే రోగి శరీరం మందుకు అలవాటు పడిపోవడమని చాలామంది అనుకుంటారు. మారేది బ్యాక్టీరియా, రోగి శరీరానికి ఆ మార్పుతో సంబంధం లేదు. కొన్ని బ్యాక్టీరియాలు మందును తుంచేసే ఎంజైములను తయారుచేసుకుంటాయి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ కుటుంబాల మందులన్నింటికీ ప్రాణమైన బీటా-లాక్టమ్ అనే వలయాన్ని తెంచే ఎంజైములను బీటా-లాక్టమేజ్‌లంటారు. వాటిలో సెఫిక్సిమ్, సెఫ్ట్రయాక్సోన్ వంటి మూడో తరం మందులను సైతం తెంచగలిగేవి ఉన్నాయని తేలినప్పుడు ల్యాబ్ రిపోర్టులో ‘ఈఎస్‌బీఎల్’ అనే అక్షరాలు కనిపిస్తాయి. మరికొన్ని బ్యాక్టీరియాలు మందు వచ్చి తాకవలసిన చోటునే మార్చుకుంటాయి; సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు పనిచేయకుండా పోవడానికి ఎక్కువగా ఇదే కారణం. ఇంకొన్ని, లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే తోడి బయట పోస్తాయి. ఈ ఉపాయాల్లో చాలావాటికి సంబంధించిన జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఉంటాయి. ప్లాస్మిడ్ ఒక బ్యాక్టీరియా నుంచి పక్క బ్యాక్టీరియాకు, ఒక జాతి నుంచి మరో జాతికి కూడా చేతులు మారగలదు, ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు రకాల మందులను తిప్పికొట్టే జన్యువులు వరుసగా కూర్చుని ఉండగలవు. అందువల్ల జలుబుకో గొంతు నొప్పికో అక్కర లేకుండా మింగిన సెఫిక్సిమ్ పేగులోని లొంగే ఈ-కోలైని చంపి, లొంగనిదానికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. కొన్ని వారాలకో నెలలకో అదే బ్యాక్టీరియా మూత్రాశయానికి చేరినప్పుడు, ఆ మనిషి అంతవరకు ఎన్నడూ వాడని మందు కూడా పనిచేయకపోవచ్చు.

ఔషధ నిరోధకత చరిత్రలో మూత్రం సీసాకు ప్రత్యేక స్థానం ఉంది. 2008 జనవరిలో స్వీడన్‌లో 59 ఏళ్ల భారత సంతతి వ్యక్తి మూత్ర నమూనాలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా దొరికింది. ఆయన అంతకు కొద్ది వారాల ముందే భారతదేశంలో ఆసుపత్రి చికిత్స పొంది వెళ్లారు. ఆ బ్యాక్టీరియా, మిగిలిన మందులన్నీ విఫలమైనప్పుడు వాడే కార్బపెనెమ్ మందులను సైతం తెంచే కొత్త ఎంజైమును తయారుచేస్తోందని పరిశోధకులు గుర్తించి, దానికి న్యూఢిల్లీ మెటాలో-బీటా-లాక్టమేజ్-1, పొట్టిగా ఎన్‌డీఎం-1, అని పేరు పెట్టారు. రాజధాని పేరు ఎంజైముకు తగిలించారని దేశంలో పెద్ద వివాదం రేగింది. 2011లో ప్రచురితమైన మరో పరిశోధనలో, న్యూఢిల్లీలో సేకరించిన 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింటిలోనూ, వీధుల్లో నిలిచిన, ఊరిన 171 నీటి నమూనాల్లో 51 చోట్లా ఆ ఎంజైము జన్యువు కనిపించింది. పేరు మీద జరిగిన చర్చలో కొంత భాగమైనా ఆ నీటి మీద జరిగి ఉంటే దేశానికి మేలయ్యేదని ఇన్నేళ్ల తర్వాత చెప్పుకోక తప్పదు.

భారత వైద్య పరిశోధన మండలి 2013లో నెలకొల్పిన నిఘా వ్యవస్థ ఏటా ప్రకటించే నివేదికల ప్రకారం, కార్బపెనెమ్ కుటుంబానికి చెందిన ఇమిపెనెమ్‌కు లొంగే ఈ-కోలై నమూనాలు 2017లో నూటికి సుమారు 81 ఉండగా 2023 నాటికి సుమారు 63కు పడిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో వెలువరించిన నివేదిక, 2023లో ప్రపంచమంతటా పరీక్షలో నిర్ధారణ అయిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఆరింట ఒకటి మందుకు లొంగలేదని, భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో ఈ నిష్పత్తి మూడింట ఒకటని చెప్పింది. ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఇవి ఎక్కువగా పెద్ద ఆసుపత్రుల ల్యాబుల నుంచి వచ్చినవి, అక్కడికి చేరే రోగులు అప్పటికే జబ్బు ముదిరి, రకరకాల మందులు వాడి వచ్చినవారు. పల్నాడులోని ఒక పల్లెలోనో, నారాయణపేట వైపు తండాలోనో మొదటిసారి మంటతో బాధపడుతున్న స్త్రీ మూత్రంలోని బ్యాక్టీరియా ఇంత మొండిది కాకపోవచ్చు. కాకపోవచ్చు అని మాత్రమే అనగలగడం ఇక్కడి అసలు చిక్కు, ఎందుకంటే ఆమె మూత్రాన్ని ఎవరూ కల్చర్‌కు పంపరు.

పంపకపోవడం వల్ల జరిగేది అందరికీ తెలిసిందే. మంట మొదలైన మొదటి రెండు మూడు రోజులు కొబ్బరినీళ్లతో గడుస్తాయి. ఆ తర్వాత ఇంట్లో మగవాళ్లెవరో మందుల షాపుకు వెళ్లి, రోగి పేరు కూడా చెప్పనక్కర లేకుండా, ‘మూత్రంలో మంటకు’ అని అడిగి నాలుగు మాత్రలు కత్తిరించి తెస్తారు. రెండు పూటలకు మంట తగ్గితే మిగిలినవి డబ్బాలో పడతాయి, తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, పట్నంలో క్లినిక్‌లో మరో రకం మాత్రలు. షాపు నడిపేవారినీ ఆర్‌ఎంపీలనూ మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. చదువుకున్న వైద్యుడు కూడా, ఫలితం చేతిలో లేనప్పుడు, అంచనా మీదనే మందు రాస్తాడు. అంచనా చికిత్స వైద్యంలో అంగీకృతమైన పద్ధతే, కాని ఆ అంచనాకు ఆధారం ఉండాలి: ఈ ప్రాంతంలో, ఈ ఏడాది, మూత్రంలో దొరికిన ఈ-కోలై ఏ మందుకు నూటికి ఎన్నిసార్లు లొంగిందో చెప్పే పట్టిక వైద్యుడి బల్ల మీద ఉండాలి. ఆసుపత్రి భాషలో యాంటీబయోగ్రామ్ అనే ఈ పట్టిక పెద్ద ఆసుపత్రులు దాటి బయట కనిపించడం అరుదు.

మూత్ర కల్చర్ అద్భుతమైన యంత్రాలు కోరే పరీక్ష కాదు. మొదటి ధార వదిలి మధ్యధారను శుభ్రమైన సీసాలో పట్టి ఇస్తే, ల్యాబ్‌లో ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు మాత్రమే పట్టే సన్నని తీగ ఉంగరాన్ని అందులో ముంచి, పోషక పదార్థం పేరుకున్న గాజు పళ్లెం మీద గీస్తారు. శరీర ఉష్ణోగ్రతలో ఒక రాత్రి ఉంచాక, తెల్లవారి పళ్లెం మీద పులిపిర్ల వంటి చుక్కలు లేస్తాయి. ఒక్కో చుక్కా ఒక్కో బ్యాక్టీరియా నుంచి పుట్టిన సంతానం కనుక, పళ్లెంలో నూరు చుక్కలుంటే మిల్లీలీటరు మూత్రంలో లక్ష బ్యాక్టీరియా ఉన్నట్టు లెక్క. 1950ల్లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు ప్రతిపాదించిన ఈ లక్ష గీతే నేటికీ రిపోర్టుల్లో కొలమానం, బాధ స్పష్టంగా ఉన్న రోగిలో అంతకు తక్కువను కూడా వైద్యులు పట్టించుకుంటారు. తర్వాత ఆ బ్యాక్టీరియాను మరో పళ్లెమంతా పలుచగా పూసి, దాని మీద ఒక్కో మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలను దూరదూరంగా పెడతారు. మర్నాటికి పళ్లెం మసకగా నిండి, పనిచేసే మందు బిళ్ల చుట్టూ మాత్రం తేటగా గుండ్రని ఖాళీ మిగులుతుంది. స్కేలుతో ఆ ఖాళీని మిల్లీమీటర్లలో కొలిచి ‘లొంగుతుంది’, ‘లొంగదు’ అని రాస్తారు. మందు పనిచేయని బిళ్ల అంచు దాకా బ్యాక్టీరియా పెరిగి ఉండటాన్ని ఒక్కసారి కళ్లారా చూసిన వైద్య విద్యార్థి ఆ దృశ్యాన్ని సులువుగా మరచిపోడు.

ఈ పరీక్షకు ఉన్న పెద్ద అడ్డంకి సమయం. సీసాలోని మూత్రం మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంటే అందులోని బ్యాక్టీరియా దానంతటదే పెరిగి లెక్క తప్పుతుంది. చల్లని పెట్టెలోనో, బోరిక్ ఆమ్లం కలిపిన సీసాలోనో పెడితే ఒక రోజు వరకు ఆగుతుంది. రక్త నమూనాలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, బస్తీ దవాఖానాల నుంచి సేకరించి కేంద్ర ల్యాబుకు చేర్చే పద్ధతిని తెలంగాణ 2018లో హైదరాబాద్‌లో మొదలుపెట్టి జిల్లాలకు విస్తరించింది. క్షయ కార్యక్రమంలో కళ్లె నమూనాలు రెండు రాష్ట్రాల్లోనూ ఊరి నుంచి ల్యాబుకు ప్రయాణిస్తూనే ఉన్నాయి. అదే బండిలో, అదే పెట్టెలో మూత్రం సీసాకూ చోటివ్వాలి. ఏరియా ఆసుపత్రుల్లో కల్చర్ చేయగల ల్యాబును, అక్కడ శిక్షణ పొందిన మైక్రోబయాలజిస్టును నియమించి, ఆ ఫలితాలను పేర్లు తీసేసి జిల్లాల వారీగా కూడబెట్టి, ఆరు నెలలకొకసారి పట్టికగా ప్రకటిస్తే, దాని వల్ల పరీక్ష చేయించుకోలేని రోగికి కూడా మేలు జరుగుతుంది, ఎందుకంటే ఆమెకు మందు రాసే వైద్యుడి అంచనా అప్పుడు గాలిలో ఉండదు. ప్రతి మంటకూ కల్చర్ అక్కర లేదు. గర్భిణులు, పురుషులు, పిల్లలు, జ్వరంతో వచ్చినవారు, పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చేవారు, మొదటి మందుకు తగ్గనివారు ముందువరుసలో ఉండాలి. బాధ ఏమీ లేనివారి మూత్రంలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన మందు రాయకూడదన్నది కూడా ఇక్కడే చెప్పవలసిన మాట. గర్భిణులు, మూత్రమార్గానికి శస్త్రచికిత్స చేయించుకోబోయేవారు ఇందుకు ప్రధానమైన మినహాయింపులు.

పాత మందుల సంగతి కొంత ఊరటనిస్తుంది. 1953లో వాడుకలోకి వచ్చిన నైట్రోఫ్యురాంటాయిన్ బ్యాక్టీరియాను ఒకేసారి అనేక చోట్ల దెబ్బతీయడం వల్ల, ఏడు దశాబ్దాల తర్వాత కూడా మూత్రాశయంలోని ఈ-కోలై మీద చాలావరకు పనిచేస్తోంది. 1969లో స్పెయిన్‌లో కనుగొన్న ఫాస్ఫోమైసిన్ నీళ్లలో కలిపి ఒక్కసారి తాగే 3 గ్రాముల పొడిగా దొరుకుతుంది. అయితే నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రంలో చేరినంతగా రక్తంలో నిలవదు కనుక మూత్రపిండానికి పాకిన ఇన్ఫెక్షన్‌కు పనికిరాదు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వకూడదు, ప్రోటియస్ అనే బ్యాక్టీరియా దానికి పుట్టుకతోనే లొంగదు. ఏది ఏ బ్యాక్టీరియానో తెలియకుండా మంచి మందు కూడా వృథా అవుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు. రెండు మందులూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచిత మందుల జాబితాలో ఉండి, నిజంగా అల్మారాలోనూ ఉంటే, సిప్రోఫ్లాక్సాసిన్ వైపు చేయి పోయే అవసరం తగ్గుతుంది. ఇతర మందు అందుబాటులో ఉన్నంతవరకు సాధారణ మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు ఆ కుటుంబం మందులు వాడవద్దని, స్నాయుబంధాలకూ నరాలకూ కలిగే హాని దృష్ట్యా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే హెచ్చరించింది.

అమ్మకాల మీద చట్టం లేకపోలేదు. 2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమలుచేసిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం, సెఫిక్సిమ్, మెరోపెనెమ్ వంటి మందులను అమ్మిన ప్రతిసారీ రాసిన వైద్యుడి పేరు, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ అప్పటి జాబితాలోకి రాక, చీటీ ఉంటేనే అమ్మాలన్న పాత షెడ్యూల్ హెచ్‌లోనే ఉండిపోయాయి. కేరళ 2018లోనే తన సొంత కార్యాచరణ ప్రణాళికను ప్రకటించి, 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరిట చీటీ లేని అమ్మకాల మీద తనిఖీలు మొదలుపెట్టింది. తనిఖీ ఒక్కటే పల్లెల్లో సరిపోదు. వైద్యుడు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో షాపు తలుపు మూస్తే రోగికి మిగిలేది కొబ్బరినీళ్లే. పరీక్షను, వైద్యుణ్ణి దగ్గరకు తెస్తూ అమ్మకాన్ని కట్టడి చేసినప్పుడే ఆ చట్టం ప్రజలకు శిక్షగా అనిపించదు.

జబ్బు రాకుండా చూడటంలో నీటికి నిరూపితమైన పాత్ర ఉంది. తక్కువ నీళ్లు తాగుతూ తరచూ మూత్రాశయ ఇన్ఫెక్షన్ బారిన పడే 140 మంది స్త్రీలపై జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు అదనంగా లీటరున్నర నీళ్లు తాగినవారికి ఏడాదిలో వచ్చిన ఇన్ఫెక్షన్లు తాగనివారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడే అమ్మాయి, మిరప కోతకు వెళ్లిన కూలి, తలుపు గడియ లేని మరుగుదొడ్డి ఉన్న బడిలోని ఆడపిల్ల నీళ్లు తాగకపోవడం తెలియనితనం వల్ల కాదు, తాగితే వెళ్లడానికి చోటు లేక. సగానికి తగ్గిన ఇన్ఫెక్షన్లంటే సగానికి తగ్గిన యాంటీబయాటిక్ కోర్సులు కూడా కనుక, మరుగుదొడ్లకయ్యే ఖర్చును ఆరోగ్య శాఖ తన ఖర్చుగానే లెక్కించుకోవాలి.

చివరగా తెలుగు నేలకే ప్రత్యేకమైన ఒక సంగతి మిగిలింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచే 1948లో టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ లోకానికి అందింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామికవాడలు ప్రపంచానికి యాంటీబయాటిక్ ముడిసరుకు పంపే కేంద్రాలయ్యాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించగా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మొత్తం లెక్క కడితే రోజుకు సుమారు 45 కిలోల మందు నీటిలో పోతున్నట్టు తేలింది. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు ఏళ్ల తరబడి రాసిన మందే వాగుల్లో బ్యాక్టీరియాకు రాత్రింబవళ్లు పరిచయమైందన్నమాట. పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించి, 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులను తొలగించింది. అయితే 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం వ్యర్థజలాల ప్రమాణాలను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకు కూడా ఇచ్చింది, కేంద్రం పెట్టినవాటికంటే కఠినమైన ప్రమాణాలు పెట్టుకునే వీలు కూడా రాష్ట్రాలకు ఉంది. తయారీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లను ఏ మేరకు అదుపుచేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలను ప్రచురించి ఉన్నందున, కొలతలు కొత్తగా వెతుక్కోనక్కర లేదు. రాష్ట్రాల్లో పర్యావరణ శాఖ మరొకరి చేతిలో ఉన్నదన్న మాట నిజమే. కాని పళ్లెం మీద ఏ బిళ్ల చుట్టూ తేట మిగలడం లేదో కాగితం మీద చూపగలిగేది వైద్య ఆరోగ్య శాఖ ఒక్కటే కనుక, మంత్రివర్గం ముందు ఆ ప్రమాణాల ఫైలు పెట్టమని అడిగే మొదటి గొంతు రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్య మంత్రిది కావాలని ఈ లేఖ కోరుతోంది.